ముక్కుకి నాలిక రాసేది

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ ముక్కూ,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. అలా తలవలేకపోతున్నాను కాబట్టే ఇన్నేళ్ల తర్వాత కాగితం ముందేసుకున్నాను. కోపం పోయి రాస్తున్నాననుకునేవు. కోపం ఎక్కడిదక్కడే ఉంది. భయమే దాన్ని కాస్త పక్కకి జరిపింది.

సంగతి మీ కంపెనీ ఎస్ప్రెస్సో కాఫీ గింజల ప్యాకెట్టు గురించి. నవ్వకు. నీ చెల్లెమ్మ, అదే మా ఆవిడ, ఈపాటికే కావలసినంత నవ్వింది. ప్యాకెట్టుతో మాట్లాడటం మానేసి మనిషితో మాట్లాడవయ్యా అని కాగితమూ కలమూ తెచ్చి నా ముందు పడేసింది కూడా తనే.

మనిద్దరం కాఫీ రుచి చూసే బల్లనీ మమ్మల్నీ వదిలి నువ్వు నది అవతలి కంపెనీలో చేరినప్పటి నుంచీ నెలనెలా మీ ప్యాకెట్టు కొంటున్నాను. ఈ సంగతి నీకు తెలియకూడదని ఒట్టు పెట్టుకున్నాను, ఇవాళ తీసి గట్టున పెట్టేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మీ సరుకుని సంచీ అడుగున, కూరగాయల కింద దాచి ఇంటికి తెచ్చేవాణ్ణి. మన మేనేజరు చూస్తే చంపేసేవాడు. రిటైరయ్యాక దర్జాగా చేత్తో పట్టుకుని వస్తున్నాను.

తెచ్చాక ఏం చేస్తానో నీకు చెప్పాలా? ముందు ప్యాకెట్టు పొట్ట మీద మెల్లగా నొక్కుతాను. గాలి పోవడానికి పెట్టిన చిన్న చిల్లు దగ్గర ముక్కు పెట్టి పీలుస్తాను. కత్తిరించి గింజలు తెల్ల పళ్లెంలో పోసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నూనె ఎంత పైకి తేలిందో చూస్తాను. ఆ తర్వాత మర పట్టి, నా పాత చేతి మిషన్లో దించి, నురగ రంగు చూసి, అది ఎంతసేపు విరక్కుండా ఉంటుందో చూసి, అప్పుడు గుక్క. చక్కెర లేకుండా. చల్లారాక ఇంకో గుక్క. వేడిలో దాక్కున్న తప్పులన్నీ చల్లారాక బయటపడతాయని చెప్పింది నువ్వే కదా. బాగోకపోతే "పడుకుంది" అంటాను, పైకే అంటాను, గదిలో ఎవరూ లేకపోయినా. పాతబడి వాసన చచ్చిన గింజని పడుకుంది అనేది ఈ లోకంలో మనిద్దరమే.

ఆ మాటే మన కొంప ముంచింది. అంగడి అరల్లోంచి తిరిగొచ్చిన ఆ సరుకు సంగతి నేను మరిచిపోలేదు. నేను పడుకుంది అన్నాను. కాదు, గింజ తీరే అంత అన్నావు నువ్వు. అక్కడితో ఆగావా? నాలిక రిటైరైందిరా వీడికి అని అందరి ముందూ అన్నావు. ముక్కుకి జలుబు చేస్తే ఇలాగే కూస్తుందని నేనూ అన్నాను. గది గదంతా పడీ పడీ నవ్వింది. మనిద్దరమే నవ్వలేదు. వారం తిరక్కుండా నువ్వు లేవు. ఆ రోజు నేనన్నదే సరి. ఇప్పటికీ అదే అంటాను. కానీ సరైనవాణ్ణి కావడం వల్ల ఇన్నేళ్లుగా నాకు ఒరిగింది ఏమీ లేదు.

ఫోన్ చేయలేదు నేను. నువ్వూ చేయలేదు. నీకు పెళ్లా పిల్లలా, వాళ్లనైనా అడుగుదామంటే? అందుకని నీ క్షేమ సమాచారం మీ ప్యాకెట్టులోంచే లాక్కునేవాణ్ణి. మీ గదిలో కూర్చుని సరుకు పాస్ చేసేది నువ్వే కదా. ఒకసారి గింజ మరీ పచ్చిగా, గొంతు గిల్లినట్టు పుల్లగా వచ్చింది. వేపాక నాలుగు రోజులు ఆగకుండానే ప్యాకెట్టు కట్టేశారు. వీడికి ఇల్లు మారే హడావుడి ఏదో ఉన్నట్టుంది అన్నాను మా ఆవిడతో. ఇంకోసారి బొగ్గు అయ్యేంత ముదరగా వేపారు. ఎవరితోనో గొడవ పెట్టుకున్నాడు, ఇంకెవరు, కొత్త మేనేజరుతోనే అన్నాను. ఒక చలికాలంలో ఒకటి రెండు ప్యాకెట్లు ఎంత బాగున్నాయంటే, వీడు నన్ను పూర్తిగా మరిచిపోయి హాయిగా ఉన్నాడని ఏడుపొచ్చింది.

రెండేళ్ల కింద మీ కవరు మారింది చూడు, దాని మీద "చివర్లో మెల్లగా వచ్చే తీపి" అని అచ్చేశారు. అది నీ మాట. మన బల్ల దగ్గర కప్పు దించి కళ్లు మూసుకుని నువ్వనే మాట. అంగట్లో ఆ అక్షరాలు చదివి అలా నిలబడిపోయాను. కౌంటరు దగ్గరి అమ్మాయి, ఏం తాతా, ఒంట్లో బాగాలేదా అని కుర్చీ వేసింది. నాకు కబురు పెట్టడానికి మొహం చెల్లక కవరు మీద అచ్చేయించావనుకున్నాను. ఆ రోజే నిన్ను సగం క్షమించాను. మిగతా సగం నువ్వొచ్చి అడుగుతావని అట్టే పెట్టాను.

ఇక ఈ నెల ప్యాకెట్టు. నొక్కితే చిల్లులోంచి ఏమీ రాలేదు. గింజ మీద నూనె మెరుస్తోంది, వాసన చూస్తే అటక మీది అట్టపెట్టె. నురగ సబ్బు నీళ్లలా తేలి, నేను చెంచా తీసుకునేలోపే విరిగిపోయింది. గుక్క వేస్తే పాత నూనె. అంగడి వాడు ఎండలో పెట్టాడేమోనని అంత దూరం నడిచి ఇంకో అంగట్లో ఇంకోటి కొన్నాను. అదీ అంతే. మొదట నా నాలికే పోయిందనుకున్నాను. నిజం చెబుతున్నా, అదే నిజమైతే బాగుండనుకున్నాను. ఏమీ చెప్పకుండా మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. ఏమిటిది, అట్టముక్కలు నానబెట్టారా అంది.

అంటే నా నాలిక బాగానే ఉంది. తేడా నీలోనే ఉంది. నువ్వు ఆ గదిలో లేవేమో. లేదా ఉండి కూడా, ఏదైతే నాకేంటి అనే స్థితికి వచ్చావేమో. రెంటిలో ఏది నిజమైనా నాకు ముద్ద దిగడం లేదు. చెత్త సరుకు పోనిచ్చే మనిషివి కాదు నువ్వు. నాతో స్నేహం పోగొట్టుకున్నావు కానీ సరుకు దగ్గర రాజీ పడలేదు కదరా!

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే. జబ్బు పడి ఉంటే చెప్పు, వచ్చి మంచం పక్కన కూర్చుంటాను, కాఫీ ఊసెత్తను. నీకు చెప్పకూడదనుకున్న మాట ఇంకోటి ఉంది, అదీ రాసేస్తున్నాను. నాలికకి తెలిసేవి నాలుగైదు రుచులే. మిగతాదంతా ముక్కుదే. నువ్వు వెళ్లాక ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ బల్ల దగ్గర నేను ఊరికే కూర్చున్నాను, అంతే. నా పక్క కుర్చీలో ఎందరో కూర్చున్నారు. ఒక్కడితోనూ దెబ్బలాడబుద్ధి కాలేదు. నువ్వు లేని ఈ బతుకు నాకు బాగాలేదు.

మీ చెల్లెమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
నాలిక

తా.క. సోమవారం. నీ పాత నంబరు పనిచేయలేదు, ఇంటి అడ్రసు నాకు తెలియదు. అందుకని ఉత్తరం జేబులో పెట్టుకుని బస్సెక్కి నేరుగా మీ కంపెనీకే వచ్చాను. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నీ పేరు చెబితే లోపలి వాళ్లెవరికీ తెలియలేదు. గేటు మనిషికే గుర్తుంది. పెద్దాయన ఇక్కడ చేరిన ఏడాదికే పోయారండీ, గుండె, అన్నాడు. ఎవరికి చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదట. నీ తర్వాత రుచి చూడటానికి మనిషిని పెట్టలేదట. మిషను రంగు చూసి పాస్ చేస్తుందట. కవరు మీది మాటలు ఎవరో ప్రకటనల వాళ్లు రాశారట, వాళ్లది వేరే ఊరట.

నాకు ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదు. ముక్కూ, నువ్వు చనిపోయిన ఆ నెల ప్యాకెట్టు కూడా నేను కొనే ఉంటాను. కిటికీ దగ్గర నిలబడి తాగే ఉంటాను. బాగుంది, వీడు బాగున్నాడు అనే అనుకుని ఉంటాను.