ఒకటికి మూడు పాళ్ళు

అక్టోబర్ 4
సెంటర్‌లో తాపీపని ట్రైనింగ్‌కి చేరాను. కొండచరియ విరిగి మా ఇంటి వెనక గోడ రాళ్ళతో సహా లోయలోకి పోయింది. అప్పట్నుంచీ అక్కడ టార్పాలినే. రాత్రంతా అది పటపటా కొట్టుకుంటుంది, అత్త దగ్గుతుంది. మంచు పడేలోపు గోడ లేవాలి. మగవాళ్ళంతా పనులకి దిగువకి పోయారు కాబట్టి తాపీ మా ఆడవాళ్ళ చేతికొచ్చింది. ఈ వయసులో మేస్త్రీ వేషాలేంటే అని అత్త నవ్వింది. నవ్వితే మళ్ళీ దగ్గు.

అక్టోబర్ 11
పొద్దున కడతాం, సాయంత్రం విప్పుతాం. రోడ్డు తెగి సిమెంటు రావడం లేదు. అందుకే మట్టితోనే ప్రాక్టీస్. ఇటుకలు కడిగి ఆరబెడితే మర్నాడు మళ్ళీ అవే. కొన్నిటి మొహాలు గుర్తుపడుతున్నాను కూడా.

అక్టోబర్ 19
మా ఇంటి గోడకి ఇటుకలు ఇస్తారా అని సిగ్గు విడిచి అడిగేశాను. పరీక్ష అయ్యాక నీ గోడ ఇటుకలు నువ్వే పట్టుకుపోమ్మా అన్నారు, మాకు నేర్పే మేస్త్రీగారు. ఇంటికొచ్చి చెప్తే, కొత్త గోడవారగా మంచం ఎటు తిప్పాలో అత్త చూపించింది.

నవంబర్ 2
పరీక్ష. ఆఫీసర్ వస్తున్నాడని కంచర గాడిదల మీద సిమెంటు తెప్పించారు. నిజం సిమెంటు! నాకు ఒళ్ళు తెలియలేదు. ఒకటికి ఆరు పాళ్ళు ఇసుక కలపమన్నారు. గట్టిగా ఉంటుందని మూడే కలిపాను. ఆఫీసర్ భుజంతో తోసి చూసి ఫస్ట్ అన్నాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

నవంబర్ 10
సెంటర్‌కి తాళం. మేస్త్రీగారు దిగువకి వెళ్ళిపోతూ సుత్తి, ఉలి నాకు వదిలారు.

నవంబర్ 11, సాయంత్రం
సెంటర్ ముందున్న నా గోడ ఊడటం లేదు. అతుకు దగ్గర ఎక్కడ కొట్టినా ఇటుకే పగులుతోంది, సిమెంటు పట్టు వదలడం లేదు. మట్టి గోడలు విప్పీ విప్పీ, ఇదీ అలాగే వచ్చేస్తుందనుకున్నాను. నా అంత దద్దమ్మ ఇంకొకత్తి ఉండదు. ఫస్టట ఫస్టు! ఏడుపొచ్చింది. పై రెండు వరసల్లో ముక్కలు తప్ప ఏమీ రాలేదు, ఇక ఆపేశాను. ఎన్నొచ్చాయే అని అత్త అడిగింది. రేపు తెస్తానన్నాను.

నవంబర్ 15
మంచు మొదలైంది.

నవంబర్ 18
టార్పాలిన్ చిరిగి ఎగిరిపోయింది. అత్తని వీపున వేసుకుని పైనున్న ఆడపడుచు ఇంటికి బయల్దేరాను. దారిలో సెంటర్ దగ్గర, నా గోడ పక్కన దించమంది. ఇక్కడ గాలి లేదే అంది. చేత్తో తడిమి, బాగా కట్టావే అంది.

ఇక లేద్దామా అత్తా అని అడిగాను. మళ్ళీ అడిగాను.