పేజీలు మడిచే శుక్రవారం

జుబైల్, సౌదీ అరేబియా, 2006
శుక్రవారం రాత్రి

ఇక్కడి తెలుగువాళ్లం నడిపే మా కంప్యూటర్ పత్రిక ఇక కాగితం మీద రాదు. నెలనెలా జెరాక్స్ తీయించి, మా ఇంట్లో మడిచి పంచుతున్న ఆ నాలుగు పేజీలూ ఇకమీదట ఇంటర్నెట్‌లోనే. ఇవాళ మా ఇంట్లో కూర్చునే అందరం ఒప్పుకున్నాం. "యాన్బులో మనవాళ్లు కూడా అదే రోజు చదువుకుంటారు గురూ," అన్నాడు మూర్తి. నిజమే. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ సరళ పెసరట్ల పెనం కడుగుతూ అంది: "అయితే ఇక పేజీలు మడవడానికి ఎవరూ రారన్నమాట. పెసలు మనిద్దరికే నానబోస్తాను."

మామూలుగానే అంది. నాకే గుండె కలుక్కుమంది. నేను ప్లాంటుకి పోతే వారమంతా ఈ నాలుగు గోడల మధ్య తనొక్కతే. పేజీలు మడిచే శుక్రవారమే మూర్తి భార్యా తనూ తివాచీ మీద కాళ్లు చాపుకుని, స్టేప్లర్ కోసం పోట్లాడుకుని, పగలబడి నవ్వేది. చెయ్యెత్తేటప్పుడు అదెందుకు తట్టలేదో నాకు.

ఇందాకే మూర్తికి ఫోన్ చేశాను. పరీక్షకి పెట్టిన కొత్త సైటు సగంమంది కంప్యూటర్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తోంది. "వచ్చే శుక్రవారం అందరూ సీపీయూలు పట్టుకుని ఫ్యామిలీలతో మా ఇంటికి రండి. ఫాంటు నేను వేసిపెడతాను," అన్నాను.

"చిటికెలో అయ్యే పనికి అంత బరువు మోసుకురావాలా? ఫోన్లో చెప్పరాదూ?"

"ఫోన్లో చెబితే అర్థం కాదులే," అన్నాను.

ఆ పై నెల ఏ వంక పెట్టి పిలవాలో ఇంకా తోచలేదు. పెసలు మాత్రం ఎప్పటిలాగే అందరికీ నానబొయ్యమన్నాను సరళని.