సూది ఎక్కడుంటే అక్కడే

బీరంగూడ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు,

చెల్లెలు సునీత వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. నువ్వు, బావగారు, చిన్ని క్షేమమని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. పక్క గది ఆవిడ జొన్నరొట్టెలు చేయడం నేర్పుతోంది కానీ, నావి అప్పడాల్లా విరుగుతున్నాయి. చలి బాగా ఉంది. గాలి ఇటు తిరిగిన రోజు కిటికీ తీయను, ఫ్యాక్టరీల వాసన దుప్పట్లకు పట్టేస్తుంది.

నువ్వు దిద్ది పంపిన నా అనువాదం కాగితాలు అందాయి. అక్కా, నీకో దండం! ‘ఊపిరిని గమనించు’ అని నేను రాస్తే ‘శ్వాసను అవలోకింపుము’ అని ఎర్రసిరాతో దిద్దుతావా? పటాన్‌చెరులో మా క్లినిక్‌కి వచ్చేది షిఫ్టు దిగిన కార్మికులు, నీ పదో తరగతి పిల్లలు కారు. అయినా అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నిన్ను అని ఏం లాభం? నా కోపమంతా ఆ ఫైలు మీద.

కౌన్సెలర్లు నేర్చుకోవడానికని మాకు ఇంత లావు ఇంగ్లీషు ఫైలు ఇచ్చారు. భయంతో కొట్లాడకు, అది ఉందని ఒప్పుకో, ఉన్నచోట ఉండి నీకు ముఖ్యమైన పని చెయ్యి. వైద్యం సారాంశం ఇంతే, నాకు దాని మీద నమ్మకముంది. కానీ అందులో ఉదాహరణలన్నీ సముద్రపు ఒడ్డు, పూలతోట! చేరిన కొత్తలో ఆన్‌లైన్ క్లాసులో, తెలుగులో ఏమైనా ఉందా అని అడిగితే, మీరే అనువదించుకోండి అన్నారు. ఆరు నెలలుగా అదే చేస్తున్నాను. ఒక్కటీ ఇక్కడివాళ్లకు అతకడం లేదు.

నర్సింలు అని ఒకాయన వస్తున్నాడు. మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. పక్కనే పైపు పగిలి తోటివాడి చేతులు కాలడం కళ్లారా చూశాడు. అప్పటినుంచి గేటు దాకా వెళ్లడం, గుండె పట్టేసి వెనక్కి రావడం. బుధవారానికి డ్యూటీకి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని చెప్పేశారట. భార్య నా చేతులు పట్టుకుని, “మేడం, జెర మీరే ఏదన్న చెయ్యుర్రి” అంది.

ఫైల్లో ఉన్నట్టే మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని ఊపిరి నిండా పీల్చి, ఏ వాసన వస్తోందో చూడమన్నాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“వాసనొస్తే పీల్చొద్దనే మాకు నేర్పిర్రు గదా మేడం!”

సరేనని, వాగులో ఆకులు కొట్టుకుపోతున్నట్టు ఊహించుకో, ఒక్కో ఆలోచననూ ఒక్కో ఆకు మీద పెట్టు అన్నాను.

“మా ఊరి వాగుల ఆకేస్తే పోదు మేడం. ఫ్యాక్టరీల నురుగుల ఇరుక్కుంటది.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫైలు మూసి బల్ల మీద పడేసి, “మరి నువ్వే చెప్పు నర్సింలూ, రోజంతా నీ పనేంటి?” అన్నాను. ఉద్యోగంలో చేరాక అదే నేనడిగిన మొదటి తెలివైన ప్రశ్న.

“ఏముంది మేడం, అరగంటకోసారి ప్రెషర్ గేజు సూసి రీడింగ్ రాస్తం.”

“సూది ఎర్రగీత దాటితే?”

“దాటినా గదే రాస్తం. సూది ఏడుంటే ఆడనే. మంచిగ కనవడాలని తక్కువ రాస్తే అందరం పోతం.”

“రాశాక?”

“భయమైతది. గని ఆడనే నిలవడి చేసే పని చేస్తం.”

అక్కా, ఆ లావు ఫైలు సారాంశం ఇదే కదా! ఆ మాటే ఆయనతో అన్నాను. తర్వాత తనే నా దగ్గర కాగితం అడిగి, వాళ్లు రీడింగులు రాసే లాగ్‌షీట్ లాగే గడులు గీసి, పైన మాటలు రాశాడు. ఎప్పుడు, ఎక్కడ, ఒంట్ల ఏ జాగల, భయం పదికి ఎంత, ఏం చేసిన.

శుక్రవారం ఆ కాగితం తెచ్చి చూపించాడు. ‘బుధవారం పొద్దుగాల. గేటు కాడ. ఛాతిల. తొమ్మిది. లోపలికి పోయిన.’ దాని కింద గురువారానికి కూడా తొమ్మిదే! భయం ఒక్క గీత తగ్గలేదు, మనిషి రెండు రోజులూ డ్యూటీ చేశాడు. సిగ్గు లేకుండా ఆయన ముందే ఏడ్చాను.

మా పెద్ద మేడం మాత్రం, “ఫైల్లో లేనివి వాడొద్దు సునీతా” అంది. ఒళ్లు మండిపోయింది. వాడతాను. అందుకే ఈ చిన్న సాయం. నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ గడులు గీసి, పైన మాటలు రాసి పంపు, జిరాక్సులు తీయించుకుంటాను. ఒక్క మాటా మార్చకు. ‘జాగల’ అంటే ‘జాగల’ అనే ఉండాలి. వీలైతే గోంగూర పచ్చడి కూడా పంపు.

బావగారికి వందనాలు, చిన్నికి ముద్దులు. చర్చి సంఘంలో పెద్దలందరినీ అడిగానని చెప్పి, నా కోసం ప్రార్థించమను.

మడత పెట్టబోతూ పైనుంచి ఒకసారి చదువుకున్నాను. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు అని రాశాను. ఆరు నెలలుగా ప్రతి ఉత్తరంలోనూ అదే రాస్తున్నాను. నర్సింలు అయితే అలా తక్కువ చేసి రాయడు. అందుకని నా బెంగ ఎంతో ఆయనలాగే మళ్లీ రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. గదిలో. గొంతులో. ఎనిమిది. అక్కకు ఉత్తరం రాశాను.

దీన్ని మాత్రం ఎర్రసిరాతో దిద్దకు.

నీ చెల్లెలు,
సునీత