రేడియోలో నీ గొంతు

రంగూన్, పజుండౌంగ్
1988 నవంబర్ 24

తమ్ముడు ఫ్రాంక్లిన్‌కి అక్క దీవెనలు.

సెప్టెంబర్‌లో మీ ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపిన నాటి నుంచి నువ్వు సరిహద్దు దాటావో లేదో తెలియక అమ్మా నేనూ నలిగిపోయాం. మొన్న మంగళవారం సాయంత్రం తలుపులేసి, సన్నగా బయటి దేశం రేడియో పెట్టాను. కెనడా, అమెరికా ఎన్నికల గురించి నలుగురు విలేకరులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. మూడో ఆయనకి నీ పేరు కాదు, ఇంకేదో చెప్పారు. ఆయన నోరు విప్పగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మనోడేనే! ఏటి సెప్తన్నాడు?"

"కెనడాలో పాత ప్రధానే మళ్ళీ గెలిచాడంట."

"అదెవుడిక్కావాలే? ఒంట్లో బాగుందంటన్నాడా?"

"బాగుందంటన్నాడమ్మా" అనేశాను. నువ్వు మాటల మధ్య రెండుసార్లు దగ్గావు. ఆ సంగతి చెప్పలేదు.

రెండు నెలలకు అమ్మ కడుపు నిండా తిన్నది. నిన్న పక్కింటావిడ డా మ్యకి చెప్పబోతుంటే లోపలికి లాక్కొచ్చాను. నీ కోసం సైనికులు మనింటికి రెండుసార్లు వచ్చారు. అమ్మ పోల్చుకున్న గొంతును వాళ్ళూ పోల్చుకుంటారు.

ఇక రేడియోలో మాట్లాడొద్దని రాయడానికే కూర్చున్నాను. ఈ ఉత్తరాన్ని ఆ రేడియో వాళ్ళకి చేర్చే ఓడ మనిషి సేక్కాన్ రేవులో ఎదురుచూస్తున్నాడు. అమ్మేమో నా పక్కనే కూర్చుని, మళ్ళీ ఏ రోజు మాట్లాడతావో అడగమంటోంది.

మీ అక్క