తడిసిన సిల్కీ కోడి

అక్కా,

నువ్వు పోయే ముందు పొదగేసిన గుడ్లు ఈ పొద్దున పిల్లలయ్యాయి.

నీ సిల్కీ కోడి నల్లటి తోలు చూసి పక్కింటి మల్లవ్వ, "అరిష్టం తమ్మీ, కోసెయ్యి" అన్నది. "నలుపైతే అరిష్టమా? నేనెంత తెల్లగున్న?" అని కొట్లాడుతుండగానే గాలివాన కొట్టి కోళ్లగూటి కప్పు లేచిపోయింది. మిగతా కోళ్లు ఉరికాయి. జమ్మికుంట దూదిలాంటి ఆ ఈకలు నీళ్లాపవని నువ్వే చెప్పావు. అది తడిసి పిడికెడైంది గానీ గుడ్ల మీంచి లేవలేదు. కింద చెయ్యి పెడితే పొడిగా, వెచ్చగా, కీచుకీచుమంటూ!

పిగిలే గుడ్లను కదిలించొద్దనేదానివి. అందుకే గొడుగు పట్టాను. మహిమలు లేవని ఊరూరా వాదించినవాణ్ని, ఇప్పుడూ లేవనే అంటాను. అయినా చివరి పిల్ల బయటపడేదాకా కళ్లు తిప్పుకోలేకపోయాను.

"దేవునికి గొడుగు పట్టినట్టున్నవ్ గదా తమ్మీ!" అని మల్లవ్వ నవ్వింది.

గొడుగును కోడి మీదికి ఇంకాస్త వంచానక్కా.