కాలరు కాక మిగతా చొక్కా

ఏమండీ,

లేవగానే కుర్చీ మీదున్న నీలం చొక్కా వేసుకుని చూడండి. మొత్తం నేనే కుట్టాను. చేతులు పైకెత్తి, వంగి, చంకల్లో పట్టేస్తుందేమో చూసి భోజనాల వేళకు ఫోన్ చేయండి. మాకు అప్పుడే ఫోన్ ముట్టుకోనిస్తారు.

ఇవాళ షిఫ్టు దిగేటప్పుడు చొక్కాల ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చేస్తాను. రేపట్నుంచి మన ముందుగదే నా టైలరింగ్ షాపు. నా కుట్టు షాపుకి పనికొస్తుందా అని నిన్న అడిగితే తలైనా ఎత్తకుండా "నీకేంటి, బ్రహ్మాండంగా కుడతావ్" అన్నారు. ఆ మాట నాకక్కర్లేదు. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పండి, రాజీనామా చించి పారేస్తాను.

అన్నం మూతపెట్టి ఉంచాను, తినండి.

అన్నట్టు, కాలరు బాగా కుదిరిందని మాత్రం అనకండి. ఇన్నేళ్లూ ఫ్యాక్టరీలో నేను కుట్టింది అదొక్కటే.