సారు పుస్తకంలో అమ్మ పేరు

బచేలి

అమ్మకు నీ కూతురు తాతమ్మ దండాలు. నా చేతి బొబ్బలు మానిపోయాయి, బెంగపడకు.

ఇక్కడ నేను పనిచేసే ప్రయోగశాలలో జీడితొక్కల నూనెతో గని లారీలకు బ్రేకు పట్టీలు చేయాలని చూస్తున్నారు. పోయిన నెల ఒళ్లు కాల్చే ఆ నూనె ఒలికి, పరిశోధన చేసే సారు చేతి మీదా, నా చేతి మీదా పడింది. నేను బూడిద తెచ్చి ముందు ఆయన చేతికి అద్ది తుడిచి, కొబ్బరినూనె రాశాను. ఆయనకు ఒక్క బొబ్బా లేవలేదు, ఆలస్యంగా తుడుచుకున్న నా చేతికే లేచాయి.

“ఎవరు నేర్పారు?” అన్నారు.

“మాయమ్మ, సార్. పలాసలో ఇరవై ఏళ్లుగా జీడిపిక్కలు కొడతంది.”

సారు తన పరిశోధన పుస్తకంలో నూకాలమ్మ అని నీ పేరు రాసుకున్నారు.

తమ్ముడికి జ్వరం తగ్గిందా? కాసిని ఎండుచేపలు పంపు. పైడయ్య మామతో రబ్బరు చేతితొడుగులు పంపుతున్నాను. పెట్టెలో దాచకు, రోజూ వేసుకుని పనికి వెళ్లు.

నీ కూతురు
తాతమ్మ